పెల్ గారి గోడ

నవంబరు వచ్చిందంటే కెనడాలోని కిచెనర్‌లో మా వీధివాళ్లంతా ఇంటి ముందరి సీడర్ మొక్కలకు గోనెగుడ్డ చుడతారు. మంచు బరువుకు కొమ్మలు విరగకుండా, చలిగాలికి ఆకు మాడకుండా ఉండడానికి. మొన్న శనివారం పక్కింటాయన చుట్టడం ముగించాక సన్నగా వాన పట్టుకుంది. గరాజు తలుపు ఎత్తగానే తడిసిన గోనె వాసన ముఖానికి కొట్టింది. కారు తీయకుండా మళ్లీ ఇంట్లోకి వచ్చి కూర్చున్నాను. "కూరగాయలకన్నారుగా?" అని మా ఆవిడ అడిగింది. ఆ వాసన వస్తే నాకు ఒక గోడ గుర్తొస్తుంది. ఒకాయన ఒకప్పుడు నన్ను "పరదాలు తీశారా?" అని అడిగితే "లేదు సార్" అన్నాను. తీశాం. తీయించింది నేనే. ఆ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ఆయన పేరు పోయింది, నా పేరు నిలబడింది. ఆయనను ఎన్నడూ చూడనివాళ్ల కోసం, చూడకుండానే ఆయన గురించి తప్పుగా విన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆయన వేంకటరత్నం గారు. సివిల్ ఇంజనీరు, ఆ తరువాత కాంట్రాక్టరు. వయసులో ఉన్నప్పుడు కృష్ణా కాలువల మీద పాత లాకులకు మరమ్మతులు చేయించారు. గానుగలో నూరిన సున్నంతో కట్టిన గోడలు నీళ్లలో నానుతూ కూడా తరాల తరబడి ఎలా నిలుస్తాయో అక్కడే చూశారు. కెనడా వచ్చాక రెజైనాలో ప్రభుత్వోద్యోగం. "రోడ్లు వేసి వేసి విసుగెత్తిందోయ్. బల్లపరుపు నేల మీద బల్లపరుపు రోడ్డు! దానికి ఇంజనీరెందుకు? ఒక తాడు చాలు" అనేవారు. ఆ ఉద్యోగం వదిలేసి కిచెనర్ వచ్చి, విక్టోరియా రాణి కాలంలో కట్టిన ఇటుక కట్టడాలను బాగుచేసే చిన్న కంపెనీ పెట్టుకున్నారు. ఒంటారియోలోని చిన్న ఊళ్లలో అలాంటివి చాలా ఉన్నాయి. మార్కెట్లు, జైళ్లు, ధాన్యపు కొట్లు. ఆ మెత్తటి ఇటుకల మధ్య సిమెంటు పూస్తే గోడ ఊపిరాడక లోపలి తేమతో పగిలిపోతుంది. సున్నమే పెట్టాలి. ఆ పని తెలిసినవాళ్లు తక్కువ.

నేను నల్లగొండ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి, చదువయ్యాక వర్క్ పర్మిట్ పట్టుకొని ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజుల్లో ఆయన దగ్గరికి వెళ్లాను. నా రెజ్యూమే పక్కన పెట్టి, ఒక పాత గోడలోంచి ఊడిన సున్నపు పెళ్లను రెండుగా విరిచారు. ఒక ముక్క తన నాలుకకు తాకించుకున్నారు. రెండోది నా చేతిలో పెట్టారు.

"ఊఁ, నువ్వూ చూడు."

నేను చూశాను.

"ఉప్పుందా?"

"లేదు సార్. కరకర అంటోంది."

"ఏటి ఇసుక. రేపట్నించి రా. నోట్లో పెట్టుకోనివాళ్లకు నేను ఉద్యోగం ఇవ్వనోయ్."

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. అలాంటిది నేను మరెక్కడా చూడలేదు. సాయంత్రం పని ఆపాక, పరంజా దిగే ముందు, అక్కడున్న ప్రతి ఒక్కరూ ఆ రోజు తాము చేసిన ఒక తప్పు పైకి చెప్పాలి. దాన్ని 'ఇవాళ్టి తప్పు' అనేవారు. పోర్చుగీసు మేస్త్రీ మాన్యుయెల్‌కు కూడా ఆ తెలుగు మాట వచ్చేసింది. ముందు ఆయనే మొదలుపెట్టేవారు. "ఇవాళ్టి తప్పు: కిటికీ కమాను కొలత తొందరలో తీశాను. రేపు మళ్లీ తీయాలి." ఇలా చిన్నవే. చెప్పినందుకు తిట్టడం, కోతపెట్టడం ఏమీ ఉండేది కాదు. మర్నాడు పొద్దున ముందుగా దాన్ని సరిచేసేవాళ్లం, అంతే. ఏళ్ల తరబడి మిషన్ల చప్పుడు విని ఆయనకు సగం చెవుడు. అందుకని ఎవరైనా గొణిగితే ఒప్పుకునేవారు కాదు. చేయి చెవి వెనక పెట్టి "గట్టిగా చెప్పవోయ్, వెనక్కి వినపడలా!" అని అరిచేవారు. ఒకసారి మాన్యుయెల్ "ఈ రోజు నేనేం తప్పు చేయలేదు బాస్" అన్నాడు. "అయితే ఇదే నీ ఇవాళ్టి తప్పు. నెక్స్ట్!" అన్నారు. అందరం పరంజా ఊగేలా నవ్వాం.

ఆ రోజుల్లో మేం కిచెనర్‌కు గంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్లో మార్కెట్ భవనం బాగుచేస్తున్నాం. దాన్ని కట్టినవాడు సైలస్ పెల్ అనే విక్టోరియన్ కాంట్రాక్టరు. రత్నం గారికి ఆయనంటే ఒక రకమైన భక్తి. రోజూ ట్రక్కులో వెళుతున్నంతసేపూ పెల్ కథే. ఇంగ్లండులో రాళ్లు చెక్కేవాడి కొడుకు. ఇక్కడికి వచ్చి రైలు కట్టల కింద తూములు కట్టాడు. చదువుకున్న సర్వేయర్ల వెంట నేల కొలిచే గొలుసు మోస్తూ సర్వే నేర్చుకున్నాడు. కమానులు, వంతెన స్తంభాలు కట్టి, చివరికి తన పేరు పక్కన సివిల్ ఇంజనీరు అని వేసుకున్నాడు. జైలు, బడి, ఈ మార్కెట్, ఆ ఊరి ఇళ్ల పొగగొట్టాలు సగం ఆయన చేతివే. ఆ తరువాత ఒక వసంతకాలంలో గడ్డకట్టిన ఏరు కరిగి, మంచుగడ్డలు కొట్టుకొచ్చి ఆయన కట్టిన వంతెన కూలింది. సరుకు కాజేశాడని ఊరంతా అంది. మళ్లీ ఎవరూ పని ఇవ్వలేదు. ఒక దుకాణం మీది అద్దె గదిలో పోయాడు.

"మార్కెట్ శంకుస్థాపన రాయి మీద మేయరు పేరుంది చూశావా? ఇటుక పేర్చిన పెల్ గారి పేరు ఎక్కడా లేదు" అనేవారు. ఆయన ఎప్పుడూ పెల్ గారు అనే అనేవారు, గుంటూరులో పక్కింటి పెద్దాయన అయినట్టు.

"అంటే వంతెన విషయంలో మీ పెల్ గారి తప్పేమీ లేదంటారా సార్?" అని ఒకసారి ఎకసెక్కంగా అడిగాను.

"నాకేం తెలుసు? చూసొచ్చానా? తెలియనప్పుడు దొంగ అనకూడదు కదా. బతికున్నవాడైతే మీదపడి కొడతాడు. చచ్చినవాడేం చేస్తాడు పాపం."

మార్కెట్ తూర్పు గోడ నెత్తిన ఉన్న త్రికోణపు భాగం, గేబుల్ అంటారు, దాని బయటి వరస ఉబ్బింది. ఆ వరస విప్పి మళ్లీ పేర్చాలి. విప్పిన రోజు నాకు బాగా గుర్తు. లోపలి గోడనూ బయటి వరసనూ పట్టి ఉంచే అడ్డ ఇటుకలు ఎక్కడ ఉండాలో అక్కడ, ఒక్కటీ తప్పకుండా ఉన్నాయి. ఒక ఇటుక వీపు మీద, అది పచ్చిగా ఉన్నప్పుడు నడిచిపోయిన పిల్లి అడుగు అచ్చుపడి ఉంది. రత్నం గారు దాన్ని వేలితో తడిమారు. "ఎవరూ చూడని చోట కూడా ఎగ్గొట్టలేదయ్యా మహానుభావుడు" అన్నారు. ఆ మాట ఆయన పక్కన నిలబడి నేను విన్నాను. ఆ ఇటుకలను నా కళ్లతో చూశాను. ఇది గుర్తుంచుకోండి.

మేం కొత్త వరస సున్నంతో పేర్చి ముగించేసరికి చలి దిగింది. సున్నం సిమెంటులా ఒక్కరోజులో గట్టిపడదు. నెమ్మదిగా గాలి పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. ఈలోగా గడ్డకట్టిందంటే పిండైపోతుంది. అందుకని గోడకు తడి గోనె పరదాలు కట్టి, వాటి మీద మందపాటి దుప్పట్లు కప్పి, లోపల హీటర్లు పెట్టాం. సరిగ్గా అప్పుడే సుభద్ర ఆంటీకి, అంటే రత్నం గారి భార్యకు, గుండె ఆపరేషన్ పడింది. ఆయన ఆస్పత్రిలో ఉండిపోతూ సైటు నాకు అప్పగించారు. "నేను చెప్పేదాకా పరదాలు కదిలించకు. ఎవరు అడిగినా సరే" అన్నారు.

అడిగింది క్రిస్మస్ ముందు జరిపే శాంటా ఊరేగింపు కమిటీ ఆవిడ. ఊరేగింపు మార్కెట్ ముందు నుంచే వెళుతుంది, ఫొటోలు తీస్తారు, ఆ గోనెగుడ్డలతో గోడ అసహ్యంగా ఉంది, ఆ వారాంతానికి తీయలేరా అని ఫోన్ చేసింది. "యు ఆర్ ద మ్యాన్ ఇన్ ఛార్జ్, రైట్?" అంది. అప్పటిదాకా ఆ ఊళ్లో నన్నెవరూ అలా అనలేదు. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేదని ఇన్నేళ్లుగా వెతుక్కున్నాను. లేదు. నేనే రోజుకూలీలను పెట్టి పరదాలు దింపించాను. హీటర్లు కూడా తీయించాను. ఊరేగింపు బాగా జరిగింది. పిల్లలు కేకలు వేశారు. ఆ రాత్రి చలి విరుచుకుపడింది. సోమవారం పొద్దున ఒక్కడినే పైకెక్కి ఇటుకల సందులో వేలు పెట్టాను. తడి ఇసుకలోకి దిగినట్టు దిగిపోయింది.

అప్పుడైనా ఫోన్ చేసి ఉండాల్సింది. మళ్లీ విప్పి, వసంతంలో పేర్చుకునేవాళ్లం. నేను మాత్రం సిమెంటు కలిపి ఆ సందుల మీద పలచగా పూశాను, రంగు కలిసేటట్టు. పైకి రాయిలా గట్టిగా కనపడింది. పరదాలు మళ్లీ కట్టించాను. మాన్యుయెల్ ఆ వారం వేరే సైట్‌లో ఉన్నాడు. ఆంటీ ఇంటికి వచ్చాక రత్నం గారు సైటుకు వచ్చిన మొదటి సాయంత్రం, పరంజా మీద నా వంతు వచ్చింది.

"ఇసుక బకెట్ ఒలికిపోయింది సార్" అన్నాను.

"అంతేనా?"

"అంతే సార్."

"సరే, దిగండి."

వసంతం వచ్చి మంచు కరిగింది. ఒక శనివారం పొద్దున, మార్కెట్‌లో అంగళ్లు సర్దుకుంటుండగా గేబుల్ బయటి వరస మొత్తం ఒక్కసారిగా ఊడి కిందికి వచ్చేసింది. ఆ పొద్దున ఆ ఊళ్లోనే ఉన్న మేం పరుగెత్తుకెళ్లేసరికి ఇంకా ఎర్రటి దుమ్ము లేస్తూనే ఉంది. తేనె అమ్మే ఒకావిడ బల్ల ఇటుకల కింద చితికిపోయింది. పగిలిన సీసాల్లోంచి తేనె కారి, ఇటుక పొడిలో కలిసి, బాట మీద మెల్లగా పాకుతోంది. ఆవిడ కాఫీ కోసం రోడ్డు దాటిందట. కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకొని తన బల్ల వైపే చూస్తూ నిలబడింది. రత్నం గారు వంగి, కిందపడిన ఒక సున్నపు పెళ్లను తీసుకున్నారు. బొటనవేలితో నొక్కారు. అది పొరలు పొరలుగా రాలింది. దాని అంచున నా సిమెంటు పూత రాలకుండా గీతలా నిలిచి ఉంది. చాలాసేపు అరచేతిలోకే చూశారు. తరువాత నా వైపు తిరిగారు.

"పరదాలు తీశారా?"

"లేదు సార్."

ఆయన అరచేయి దులుపుకున్నారు.

కొద్దిరోజుల తరువాత ఊరి కౌన్సిల్ హాల్లో మీటింగు పెట్టారు. ఇన్స్యూరెన్స్ తరఫున వచ్చిన ఇంజనీరు అందరికీ నచ్చే కారణం ఒకటి తెచ్చాడు. అసలు కట్టడంలోనే అడ్డ ఇటుకలు సరిగా లేకపోయి ఉండవచ్చు, పెల్ వంతెన సంగతి ఊరందరికీ తెలిసిందే కదా అన్నాడు. కొందరు నవ్వారు. గదిలో ఎవరికీ నష్టం లేదు. నాకైతే ఊపిరి వచ్చింది. చచ్చినవాడి నెత్తిన పడేస్తే అందరం బయటపడతాం. అప్పుడు రత్నం గారు లేచారు.

"అడ్డ ఇటుకలు ఉన్నాయి. నేను చూశాను. పెల్ పనిలో లోపం లేదు. పడింది నేను పేర్చిన వరస. తప్పు నాది" అన్నారు ఇంగ్లీషులో, గట్టిగా, పరంజా మీద చెప్పినట్టే.

ఇన్స్యూరెన్స్ ఇంజనీరు పెన్ను మూత పెట్టడం మరచి ఆయననే చూస్తున్నాడు. నేను లేచి ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. నా ముందున్న నీళ్ల గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ నీళ్లు కూడా తాగలేదు.

కంపెనీ మూతపడింది. ఆయనకు మళ్లీ ఎవరూ పాత కట్టడం అప్పగించలేదు. కంపెనీ చివరి రోజుల్లో కూడా మార్కమ్‌లో తనకు తెలిసిన ఒక పెద్ద ఆఫీసుకు ఫోన్ చేసి నాకు ఉద్యోగం ఇప్పించారు. "నోట్లో పెట్టుకొని చూస్తాడు, తీసుకోండి" అన్నారట. అక్కడే నేను పాత కట్టడాల నిపుణుణ్ని అయ్యాను. పీఆర్, సిటిజన్‌షిప్, ఇల్లు, అన్నీ అమిరాయి. ఉగాదికి మెసేజ్ పెట్టేవాణ్ని. ఆయన బదులు పెట్టేవారు. తరువాత మేం మళ్లీ కిచెనర్ వచ్చేశాం. ఆయన ఉండేది కారులో కాసేపటి దూరం. వెళ్లలేదు.

ఈ వేసవిలో మా అమ్మాయి స్కూలు పనిమీద పాత ఊళ్లు చూడాలంటే ఆ ఊరికే తీసుకెళ్లాను. ఆ దారి తప్పించుకోవడానికి కారణం దొరకలేదు. మార్కెట్ ముందు ఒక గైడు చిన్న గుంపుకు కథ చెబుతున్నాడు. ఈ గేబుల్ ఒకసారి కూలిందని, ఇండియా నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరు వాళ్ల ఊళ్లో గుడిసెలకు వాడే బురద తెచ్చి మన గోడకు పూశాడని అన్నాడు. అందరూ నవ్వారు. ఎన్నోసార్లు చెప్పి నునుపుదేలిన హాస్యం అది. నాకు నడిరోడ్డు మీద చెంపదెబ్బ తగిలినట్టయింది. మా అమ్మాయి నవ్వలేదు. నా చెయ్యి పట్టుకొని "డాడ్, డిడ్ యు నో హిమ్?" అంది.

"యెస్" అన్నాను.

ఆ మర్నాడే రత్నం గారింటికి వెళ్లాను. చిన్న అపార్ట్‌మెంట్. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. బాగా చిక్కారు, చెవుడు ముదిరింది. "ఏమోయ్ మల్లేశం, దారి తెలిసిందా?" అన్నారు. ఆ ఎత్తిపొడుపు కూడా ప్రేమగానే ఉంది. సుభద్ర ఆంటీ "కాఫీ తాగుతావుగా బాబూ" అంటూ వంటింట్లోకి వెళ్లారు. ఇక ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు.

"సార్, ఆ రోజు పరదాలు తీశాం. నేనే తీయించాను. సిమెంటు పూసింది కూడా నేనే."

ఆయన కుర్చీలో నా వైపు తిరిగారు.

"తెలుసోయ్. పెళ్ల చేతిలోకి తీసుకున్నప్పుడే తెలిసింది. గడ్డకట్టిన సున్నం నాకు తెలియదా?"

"తెలిసీ... మరి మీటింగులో..."

"సైటు నాది. నేనక్కడ లేను. అది నా తప్పు, చెప్పేశాను. నీది నువ్వు చెప్పాలి గానీ నేను చెప్పకూడదుగా. కంపెనీ మూసేదాకా ప్రతి సాయంత్రం చూశాను, చెబుతావేమోనని. ఇప్పుడు నాకు చెప్పి ఏం లాభం? నాకు తెలుసు. తెలియనివాళ్లకు చెప్పు."

ఆయన చూపు నా వెనక్కి వెళ్లింది. తిరిగి చూస్తే ఆంటీ కాఫీ గ్లాసులు పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"అంటే, నా ఆపరేషన్ వల్ల కాదా?" అన్నారు.

నాకు ముందు అర్థం కాలేదు.

"నా దగ్గర ఆస్పత్రిలో కూర్చోబట్టే సైట్‌లో తప్పు జరిగింది, నేను మంచం పట్టకపోతే ఈయన పని పోయేది కాదని... ఇన్నేళ్లూ నేను అదే అనుకున్నాను బాబూ. దేవుడి ముందు కూర్చున్నా అదే."

ఆవిడ గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. రత్నం గారు నేల చూపు చూశారు. "నీవల్ల కాదని చెప్పానుగా సుభద్రా" అన్నారు. "చెప్పారు. ఓదార్పుకి అంటున్నారనుకున్నాను" అన్నారావిడ. నా పేరు చెప్పకుండా ఆవిడను నమ్మించే మార్గం ఆయనకు దొరకలేదు. నా ఒక్క మాట ఒక్క మనిషి మీదే పడిందని నేను లెక్కేసుకున్నాను. అది ఈ ఇంట్లో ఇంకొక మనిషి గుండె మీద కూడా ఇన్నేళ్లు కూర్చుని ఉంది. ఆవిడ చేతుల్లోంచి గ్లాసులు తీసుకొని బల్ల మీద పెట్టి, కాళ్లకు దణ్ణం పెట్టాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేయలేదు. వేయాలని నేను ఎదురుచూడనూ లేదు.

ఆ ఊరి కౌన్సిల్ మీటింగుల్లో ఎవరైనా అడిగి కొద్దిసేపు మాట్లాడవచ్చు. నేను అడిగాను. పోయిన నెల, అదే హాల్లో, అదే మైకు ముందు నిలబడ్డాను. పరదాలు, చలి, సిమెంటు పూత, నా అబద్ధం, ఒకదాని తరువాత ఒకటి ఇంగ్లీషులో చెప్పాను. పెల్ ఇటుకలు ఒక్కటి కూడా తప్పలేదని చెప్పాను. బురద కథ మళ్లీ చెప్పవద్దని అడిగాను. కొత్త కౌన్సిలర్లు ఎవరీయన అన్నట్టు చూశారు. తేనె అమ్మే ఆవిడ జుట్టు ఇప్పుడు తెల్లబడింది. ముందు వరసలో కూర్చుని ఒక చేత్తో నోరు మూసుకొని విన్నది. వెనక వరసలో, తలుపు పక్కన, రత్నం గారు, ఆంటీ ఉన్నారు. తీసుకొచ్చింది నేనే.

ఇంగ్లీషులో చెప్పాల్సింది అయిపోయింది. ఇక మిగిలినది ఆయనకూ ఆవిడకూ. ఆ మాట తెలుగులో గొణిగాను.

వెనక వరసలో ఆయన చెయ్యి చెవి వెనక్కి వెళ్లింది.

"గట్టిగా చెప్పవోయ్, వెనక్కి వినపడలా!"

హాలంతా వెనక్కి తిరిగింది. నేను మైకు వదిలేసి, పరంజా మీది నుంచి కిందికి కేకేసినట్టు చెప్పాను.

"ఇవాళ్టి తప్పు సార్! పరదాలు నేనే తీయించాను. సార్, ఆంటీ, నన్ను క్షమించండి."